ఆలస్యమైన బండికి దారి

కంటి డాక్టరు తేదీ చెప్పలేదు. నా భార్య రెండు కళ్ళలోనూ చూపు మధ్యభాగం అరిగిపోతోందని, అంచుల చూపు మాత్రం మిగులుతుందని, ఇంజెక్షన్లతో దాని వేగం తగ్గించగలరే గాని ఆపలేరని వివరంగా చెప్పాడు. ఎన్నాళ్ళు అన్న నా ప్రశ్నకు మాత్రం చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, చెప్పలేమన్నాడు. నేను మళ్ళీ అడిగాను. నెలలా, సంవత్సరాలా? ఇంతకు తక్కువ కాదు, ఇంతకు మించదు అని రెండు హద్దులైనా ఉండాలి కదా? ముప్ఫై ఏళ్ళకు పైగా డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం చేసినవాణ్ణి. హద్దులు లేని కొలతను మా విభాగంలో కొలతగా ఒప్పుకునేవాళ్ళం కాదు. డాక్టరు నన్ను వదిలి నా భార్య వైపు తిరిగి, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వేయవద్దన్నాడు. లేచేటప్పుడు గళ్ళు గీసిన కాగితం ఒకటి ఇచ్చాడు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, రోజూ ఒక్కో కన్ను మూసుకుని మధ్యలోని చుక్కను చూస్తూ, గీతలు ఎక్కడ వంకరపోతున్నాయో గమనించాలట.

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి తిరిగి వస్తూ కార్‌లో అడిగాను, ఏం చూడాలని ఉందని.

"రైలు," అంది.

"రైలు చూడటమేమిటి?"

"రైల్లోంచి చూడాలి. ఈ దేశాన్ని. మీకు కొత్తగా చెబుతున్నట్టు అడుగుతారేం?"

కొత్త కాదు. మేము ఈ దేశం వచ్చిన తొలి సంవత్సరాల నుంచి ఆమె అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా నేను లెక్క చెప్పేవాణ్ణి. విమానంలో నాలుగున్నర గంటల ప్రయాణం రైల్లో మూడు పగళ్ళు, రెండు రాత్రులు. పడుకునే గది తీసుకుంటే టిక్కెట్టు విమానానికి మూడింతలు. ఏడాదికి దొరికే సెలవు రెండు వారాలు. ఆ లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ లేదు. అందుకని మేము అన్నిచోట్లకూ కార్‌లో వెళ్ళాం, లేదా విమానంలో వెళ్ళాం. నయాగరా, యెల్లోస్టోన్, డిస్నీ. అన్నీ చూశాం. వాటి మధ్యనున్నదేదీ చూడలేదు.

ఆమె రైల్వే క్వార్టర్సులో పుట్టిన మనిషి. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే లైను మీద, గిద్దలూరు దాటి నల్లమల అడవి మొదలయ్యేచోట ఒక చిన్న స్టేషనులో ఆమె తండ్రి స్టేషన్ మాస్టరు. అప్పటికి అది మీటర్ గేజి. ఒకటే పట్టాల జత; ఎదురుబండి వస్తే ఒకదాన్ని పక్కనున్న లూప్ లైన్లో నిలిపి రెండోదానికి దారి ఇవ్వాలి. ఎవరికి ముందు దారి ఇవ్వాలన్నది ఆ ఇంట్లో అన్నం ముందు కూడా నడిచే చర్చ. పాసింజరు కంటే ఎక్స్‌ప్రెస్ పెద్ద. గూడ్సు అందరికంటే చిన్న. వీటన్నిటి పైన ఆమె తండ్రికి ఒక సొంత నియమం ఉండేది: ఆలస్యమైన ఎక్స్‌ప్రెస్‌ను ఎవరూ ఆపకూడదు. పై స్టేషను నుంచి కబురు రాగానే ఆయన కోటు తొడుక్కుని, ముందు దారి ఖాళీ అని గుర్తుగా ఇంజను డ్రైవరుకు అందించవలసిన టోకెన్ రింగు చేతికి తగిలించుకుని, బండి రావడానికి చాలా ముందే ప్లాట్‌ఫారం చివర నిలబడేవాడట. గూడ్సు బళ్ళన్నీ ఎక్కడివక్కడ లూపుల్లో ఒదిగి ఉండేవట. అడవి దాటేసరికి బండి పోగొట్టుకున్న సమయంలో సగం తిరిగి సంపాదించుకునేదట. ఈ సంగతి పెళ్ళయిన నాటి నుంచి నేను చాలాసార్లు విన్నాను. ఆయన ఆ లైన్లో ఎన్నేళ్ళు చేశాడో, ఎప్పుడు బదిలీ అయ్యాడో తేదీలతో సహా చెప్పగలను. ఆ నియమం రైల్వే పుస్తకంలో ఉన్నదో, ఆయన మనసులోదో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో, శాక్రమెంటోలో ఉంటుంది. చికాగో నుంచి బయలుదేరే రైలు డెన్వర్ దాటి, కొండలెక్కి, కొలరాడో నది పక్కనే గంటల తరబడి నడిచి, యూటా, నెవాడా ఎడారుల మీదుగా అక్కడికి చేరుతుంది. ఆ నది లోయ ఫొటో ఒకటి మా వంటింటి క్యాలెండర్లో ఒకప్పుడు వచ్చింది. ఎర్రరాతి గోడలు, అడుగున నీళ్ళు, మలుపులో రైలు. క్యాలెండరు పోయింది గాని ఆ ఒక్క పేజీ ఆమె దగ్గరే ఉండిపోయింది. సొరంగం దాటాక తమ ఊళ్ళోనూ కొండ ఇలాగే పక్కకు వచ్చి నిలబడేదని అంటుంది. నేను నల్లమలలో రాయి రంగు వేరని చెప్పాను. రంగు గురించి కాదులెండి అంది.

ఆ లోయను ఆమె చూపు ఉండగా, పగటి వెలుగులో చూపించాలి. నేను పెట్టుకున్న పని అది ఒక్కటే.

అక్టోబరు మొదటి వారం ఎంచుకున్నాను. ఒక కాగితం మీద ఎడమవైపు స్టేషన్లు, వాటి పక్కన బండి చేరవలసిన వేళలు, ఆ పక్కన ఆయా చోట్ల సూర్యాస్తమయం వేశాను. గత నెలల్లో ఆ బండి ఏ రోజు ఎంత ఆలస్యంగా నడిచిందో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అదంతా చూసి, సగటు తీసి, దాని మీద మరో రెండు గంటలు వదులు పెట్టాను. అంతా కలిపినా మొదటి లోయలోకి మిట్టమధ్యాహ్నం దాటిన కాసేపటికి, క్యాలెండర్లోని చివరి లోయలోకి ఇంకా ఎండ ఉండగానే చేరతాం. చీకట్లో వచ్చే చోట్లను ఒక అడ్డగీత గీసి వదిలేశాను. యూటా, నెవాడా ఆ గీత కిందికి పోయాయి.

అమ్మాయి ఫోన్‌లో ఒప్పుకోలేదు. ఈ దేశంలో పుట్టిన పిల్ల. దాని తెలుగు సగం దారిలో ఆగి ఇంగ్లీషు ఎక్కుతుంది.

"నాన్నా, ఫ్లైట్ ఫోర్ అండ్ హాఫ్ అవర్స్. మీరు త్రీ డేస్ ఎలా కూర్చుంటారు?"

"మీ అమ్మ కూర్చుంటుంది. నేను పక్కన కూర్చుంటాను."

"డెన్వర్‌కి ఫ్లై చేయండి, నేను వచ్చి డ్రైవ్ చేస్తా. సేమ్ కాన్యన్. రోడ్ కూడా ఉంది."

స్పీకర్‌లో వింటున్న నా భార్య మధ్యలో అందుకుంది. "కార్‌లో మీ నాన్న రోడ్డు చూస్తారు, నేను మీ నాన్నని చూస్తాను. ఇన్నేళ్ళూ చూసింది అదే. చాలు."

ఇద్దరం డియర్‌బోర్న్‌లో రైలెక్కి చికాగో చేరి, అక్కడ పెద్ద బండి ఎక్కాం. రెండు బెర్తుల చిన్న గది, ఎదురెదురుగా సీట్లు, ఒక కిటికీ. రైలు ప్రయాణమంటే వెంట తీసుకెళ్ళవలసిందేనని ఆమె స్టీలు క్యారియర్ నిండా పులిహోర కలిపి తెచ్చింది. మూడు రోజులైనా చెడకూడదని చింతపండు దండిగా వేసింది. టిక్కెట్టులో భోజనం కలిసే ఉందని నేను చెప్పాను. రైల్లో కట్టుకెళ్ళిన అన్నం తినకపోతే ప్రయాణం చేసినట్టుండదని ఆమె చెప్పింది.

ఆ రోజంతా పంట కోసేసిన మొక్కజొన్న చేలు. ఆమె కిటికీ వైపు తల కొంచెం వాల్చి, చూడదలచినదానికి పక్కగా చూస్తూ కూర్చుంది. అప్పటికే ఆమెకు అది అలవాటైంది. ఎదురుగా చూస్తే మధ్యలో మసక. వస్తువును మసక అంచుకు తెచ్చుకుంటే కనబడుతుంది. మిసిసిపీ నది దాటేటప్పుడు నీళ్ళను చూడటానికి ఆమె వంతెన స్తంభాల వైపు చూసింది. 

అయోవాలో బండి మొదటిసారి పక్కలైన్లో ఆగింది. పావుగంటకు ఎదురుగా ఒక గూడ్సు వచ్చింది. కంటెయినర్లు, వాటి మీద కంటెయినర్లు, ఎంతసేపటికీ ముగియలేదు.

"ఏమండీ, ఇది గూడ్సేనా?"

"గూడ్సే."

"గూడ్సు కోసం మనల్ని లూప్‌లో పెట్టారా?"

"అలాగే ఉంది."

"ఎవడో కొత్తవాడై ఉంటాడు," అంది. "పై నుంచి నాలుగు తిట్లు పడితే తెలుస్తుంది."

ఇక్కడ స్టేషన్ మాస్టర్లు ఉండరని, ఎక్కడో దూరాన ఒక గదిలో కూర్చుని కంప్యూటర్ తెరల మీద నడుపుతారని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు. తెర ఎదుట కూర్చున్నా మనిషే కదా అంది.

రాత్రి నెబ్రాస్కాలో ఎక్కడో, ముందు పోతున్న గూడ్సు ఒకటి చెడిపోయి దారి మూసింది. తెల్లవారేసరికి మా బండి ఐదు గంటలు ఆలస్యం. నేను ఉంచిన వదులు అయిపోయింది. కాగితం తీసి వేళలన్నీ ఐదేసి గంటలు కిందికి జరిపి రాశాను.

ఆ బండిలో భోజనాల బోగీకి ఒక పద్ధతి ఉంది. బల్లకు నలుగురు, ఇద్దరే వెళితే మిగతా రెండు కుర్చీల్లో ఎవరినైనా తెచ్చి కూర్చోబెడతారు. ఆ ఉదయం మా ఎదుట నెబ్రాస్కాలో ఎక్కిన ముసలి రైతు ఒకాయన, ఆయన పక్కన ఒక తెలుగమ్మాయి. పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట, సొంత ఊరు కరీంనగర్ దగ్గరట. కూర్చోగానే నా కాగితం చూసింది.

"ఏంది అంకుల్, ట్రిప్‌కి కూడా ఎక్సెల్ షీటా? మా క్లయింట్ మేనేజర్ కూడా ఇంత పద్ధతిగ చెయ్యడు."

"పెన్నుతో రాసిందమ్మా."

"ఇంకా డేంజర్."

నా భార్య నవ్వి ఆమెను వివరాలడగడం మొదలుపెట్టింది. ఒక్కతే ఎందుకు వస్తోంది, ఇంట్లో తెలుసా, ఏం తింటోంది. అమ్మాయి రెండు జవాబులిచ్చి ఆగింది.

"ఆంటీ, మీరు నాతోని మాట్లాడుతున్నరా, ఈ తాతతోనా?"

రైతు అప్పటికే మర్యాదగా తల ఊపుతున్నాడు.

"నీతోనే అమ్మా. నీ ముఖం కనపడాలంటే నేను ఆయన చెవి వైపు చూడాలి. నా కళ్ళు అంతే."

అమ్మాయి కుర్చీ జరిపి, నా భార్య చూపు పడేచోటికి కొంచెం వాలి కూర్చుంది. "ఇప్పుడు?" అని అడిగింది. "ఇప్పుడు ముక్కుపుడక కూడా కనపడుతోంది," అంది నా భార్య. గదిలోంచి క్యారియర్ తెప్పించి ఆమె ప్లేటులో ఆమ్లెట్ పక్కన పులిహోర పెట్టింది.

"నాలుగేండ్ల సంది ఉన్న ఆంటీ ఈ దేశంల," అంది అమ్మాయి తింటూ. "అమెరికా అంటే నాకు ఆఫీస్, అపార్ట్‌మెంట్, ఎయిర్‌పోర్ట్. అందుకే ఎక్కిన. వైఫై రాదు అని మేనేజర్‌కి చెప్పిన, ఆయన నమ్మలె. ఇప్పుడు నిజంగనే వస్తలేదు."

లోయ సంగతి, కంటి సంగతి, ఐదు గంటల సంగతి నా భార్యే చెప్పింది. అమ్మాయి వింటూనే ఫోన్‌లో వెతికి, తలెత్తింది.

"అంకుల్, నేను చెప్తే వినండి. డెన్వర్‌ల దిగిపోండి. హోటల్ బుక్ చేస్కోండి. రేపటి బండి ఎక్కండి. ఇవాళ్టిది పోయింది అనుకోండి."

"టిక్కెట్లు?"

"బండి లేట్ అయ్యింది కదా, మార్చి ఇస్తరు. అడుగుదాం."

డెన్వర్లో బండి చాలాసేపు ఆగింది. ముగ్గురం ప్లాట్‌ఫారం మీదికి దిగాం. మా బోగీ అటెండెంటును అడిగితే, రేపటి బండిలో పడుకునే గది లేదు గాని సీట్లు ఉన్నాయని, కావాలంటే లోపలి కౌంటర్లో మార్చుకోవచ్చని, త్వరగా తేల్చుకోమని చెప్పాడు.

నేను కాగితం విప్పాను. ఇప్పుడు బయలుదేరితే, ఇంకొక్క నిమిషం కూడా పోగొట్టుకోకుండా నడిస్తే, మొదటి లోయల్లో మంచి ఎండ ఉంటుంది. చివరి లోయ, క్యాలెండర్లోది, సూర్యుడు దిగే వేళకు వస్తుంది. ఒక గంట తిరిగి సంపాదించుకుంటే అదీ వెలుగులోనే. సంపాదించుకుంటుందా అన్నది ఒక్కటే ప్రశ్న.

"ఎందుకు సంపాదించుకోదు?" అంది నా భార్య. "రాత్రి జరిగింది వేరు, దారిలో బండి చెడింది. ఇప్పుడు లైనంతా తెలుసు మనం ఐదు గంటలు వెనక ఉన్నామని. ఆలస్యమైన బండిని ఎవరూ ఆపరు. మన బండి వస్తోందంటే అన్నిటినీ పక్కన పెడతారు."

"ఆంటీ, ఇది ఇండియా కాదు," అంది అమ్మాయి.

"పట్టాలు ఎక్కడైనా పట్టాలే కదమ్మా."

నేను ఆమె మాటను కాదనలేదు. కాదనడానికి నా దగ్గర అంకె లేదు. ఆ బండి సగటున ఎంత ఆలస్యమవుతుందో చూశానే గాని, ఆలస్యమైన తర్వాత ఏమవుతుందో చూడలేదు. చూడాలని తోచలేదు కూడా. చిన్నప్పటి నుంచి ఎక్కిన ప్రతి బండీ పోగొట్టుకున్నది కొంతైనా పరుగులో సంపాదించుకోవడం నేనూ చూశాను. కాగితం మీది అంకెలు నావి. వాటి కింద ఉన్న నమ్మకం ఆమె తండ్రిది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఎక్కుదామన్నాను. ఎక్కాం.

డెన్వర్ దాటాక బండి పెద్ద పెద్ద మలుపులు తిరుగుతూ కొండ ఎక్కింది. కింద మైదానం, వెనక ఊరు. ఆమె, బయటికి చూడటానికని కప్పు దాకా కిటికీలు పెట్టిన అద్దాల బోగీలో కూర్చుని అటూ ఇటూ తల వాలుస్తూ, సంతోషంగానే ఉంది. కొండ మీది పెద్ద సొరంగానికి ఇవతల బండి పక్కలైన్లోకి తిరిగి ఆగింది. ఒక గూడ్సు వెళ్ళింది. మేము కదలలేదు. ఇంకొకటి వెళ్ళింది. నేను వాచీ చూసుకోవడం మానేశాను. ఆమెకు అది తెలుస్తుంది.

అటెండెంటు కాఫీ జగ్గు పట్టుకుని వచ్చాడు. ఎందుకాగామని నేను అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. ఈ పట్టాలు ప్రయాణికుల బళ్ళవి కావు, సరుకు బళ్ళ కంపెనీలవి. వాళ్ళ బళ్ళు ఈ పక్కలైన్ల కంటే పొడుగు. లోపల పట్టవు కనుక, పట్టే బండే పక్కకు తప్పుకోవాలి. పట్టేది మనదే. వేళకు నడిచినంతసేపు మనకొక చోటు ఉంటుంది. ఒకసారి తప్పిపోతే అది పోయినట్టే. ఆ తర్వాత మధ్యలో ఖాళీ దొరికినప్పుడు పంపిస్తారు. ఆలస్యమైన బండి మరింత ఆలస్యమవుతుంది, ఇక్కడ అంతే అన్నాడు.

ఆయన మాటలు ఆమెకు తెలుగులో చెప్పవలసిన పని లేదు. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే మంచిది. కప్పు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"తప్పిపోయిన బండికి దారి ఉండదా?" అని తెలుగులో, నన్నే అడిగింది.

"ఉండదట."

"ఇదెక్కడి పద్ధతి?"

మూడో గూడ్సు వస్తోంది.

సొరంగంలోకి వెళ్ళేటప్పుడు ఎండ ఉంది. బయటికి వచ్చేటప్పటికి కొండల నీడ లోయలోకి దిగింది. ఆ తర్వాత మళ్ళీ ఒకచోట ఆగాం. మేమిద్దరం మా గదికి వచ్చేశాం. నది మా పక్కకు వచ్చేటప్పటికి అది బూడిదరంగు చారలా ఉంది. కొంతసేపటికి ఆ చారా లేదు. కిటికీలో మా ఇద్దరి ముఖాలు, వెనకాల దీపం. మైకులో కండక్టరు, ఇప్పుడు ఎడమవైపు ఈ ప్రయాణంలోకెల్లా అందమైన లోయ ఉందని, తన మాట నమ్మవలసిందని చెప్పాడు. పక్క గదుల్లో కొందరు నవ్వారు. అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు. అలసిపోయి ఉన్నాడు.

నా భార్య దీపం ఆర్పమంది. ఆర్పాను. అద్దం దగ్గరికి జరిగి కూర్చుంది. చీకటిలో ఒక చోట చీకటి ఇంకొంచెం చిక్కగా ఉంది; అది లోయ గోడ అయి ఉండాలి. అది నాకే సరిగా కనబడలేదు.

"మీరేమీ అనకండి," అంది కొంతసేపటికి. "లెక్క మీది, రూలు నాది. ఇద్దరిదీ తప్పింది." దుప్పటి తీసి ఇవ్వమంది. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పై బెర్తు ఎక్కలేదు. ఎదుటి సీట్లోనే ఉండిపోయాను. డెన్వర్ ప్లాట్‌ఫారం మీద ఆ అమ్మాయి అన్న మాటే పదేపదే గుర్తుకొచ్చింది.

మర్నాడు లేచేసరికి సాల్ట్ లేక్ సిటీ దాటాం. వేళ ప్రకారం నడిచిన బండి అక్కడికి నడిరాత్రి వస్తుంది. మాది ఆఫీసులు తెరిచే వేళకు వచ్చింది. నా భార్య అద్దాల బోగీలో చోటుంటే కాఫీ అక్కడ తాగుదామంది. తెలుగమ్మాయి అప్పటికే అక్కడ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. డెన్వర్ గురించి ఆమె ఏమీ అనలేదు. అది ఆమె మంచితనం.

కొంతసేపటికి కిటికీలు తెల్లబడ్డాయి. మంచు అనుకున్నాను. మంచు కాదు, ఉప్పు. నేలంతా ఉప్పు. చెట్టు లేదు, గుట్ట లేదు, ఇల్లు లేదు. బల్లపరుపుగా ఆకాశం దాకా వెళ్ళి, ఆ చివర ఎక్కడో సన్నగా నీలం కొండలు.

"ఏమున్నది ఇక్కడ?" అంది అమ్మాయి. "చూస్తందుకు ఏం లేదు."

నా భార్య కప్పు పక్కన పెట్టింది. ఆమె తల నిటారుగా ఉన్నట్టు నేను అప్పుడు గమనించాను. వాల్చలేదు, పక్కకు తిప్పలేదు. చాలా నెలల తర్వాత ఆమె ఎదురుగా ఉన్నదాన్ని ఎదురుగానే చూస్తోంది.

"ఏమండీ, మీకేం కనబడుతోంది?"

"తెల్లగా ఉంది."

"మధ్యలో ఏముంది?"

మళ్ళీ చూశాను. "ఏమీ లేదు."

"చుట్టూ?"

"చివర్న కొండలు. నీలంగా, సన్నగా."

"అయితే మీకూ నాకూ ఒకటే కనబడుతోంది," అంది.

అమ్మాయి కాళ్ళు కిందికి దించింది. ముగ్గురం అలాగే కూర్చున్నాం. ఆ తెలుపు చాలాసేపు సాగింది. ఇది ఆ లోయకు బదులు అని నేను అనను. లోయ లోయే, చూడలేదు. వచ్చిన పని కాలేదు. కాని కాఫీ చల్లారిపోయిందని ఆమెకు గుర్తు చేయబోయి మానుకున్నాను.

శాక్రమెంటో చేరేసరికి బాగా పొద్దుపోయింది. మా అమ్మాయి కార్ తెచ్చి ఇంటికి తీసుకువెళ్ళింది. వెళ్ళగానే పడుకున్నాం. పొద్దున వంటింట్లో దోసెలు వేస్తూ అడిగింది.

"సో అమ్మా, కాన్యన్ ఎలా ఉంది?"

"చీకట్లో దాటాం."

"ఓ. ఐ యామ్ సో సారీ." స్టవ్ తగ్గించింది. "మొత్తం డార్కేనా? ఏం చూడలేదా?"

"ఉప్పు చూశాం."

"సాల్ట్?"

"ఎడారంతా ఉప్పే. మీ నాన్నని అడుగు, ఎన్ని మైళ్ళుందో, ఎంతసేపు పట్టిందో చెప్తారు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. చొక్కా జేబులో కాగితం ఉంది, తీయలేదు. ఆ భాగానికి నేను వేసింది ఒక అడ్డగీత.

"లెక్క లేదు," అన్నాను.

"వింటున్నావా," అంది నా భార్య, దోసె తుంచుతూ. "మీ నాన్న దగ్గర లెక్క లేదట."

ఆ రోజే వెతికితే దొరికేది. వెతకలేదు, ఇంతవరకూ.

తిరుగు ప్రయాణం విమానంలో. అది ముందే బుక్ చేసిపెట్టాను. నాలుగున్నర గంటలు, కింద మబ్బులు. వేసవిలో, పగలు పొడుగ్గా ఉన్నప్పుడు మళ్ళీ రైలెక్కండని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. డెన్వర్లో రెండు రాత్రులుండి, బండి వేళకు వచ్చిన రోజునే ఎక్కే పద్ధతిలో నేను కొత్త లెక్క ఒకటి వేశాను. అది గట్టి లెక్క. నా భార్య విని, బాగుంది అంది. చలికాలంలో ఇంజెక్షన్ల మధ్య వ్యవధి తగ్గించారు.

ఈ మార్చిలో ఒక ఉదయం ఆమె ఎప్పటిలాగే ఫ్రిజ్ ముందు నిలబడి, ఎడమ కన్ను మూసుకుని గళ్ళ కాగితం చూసింది. తర్వాత కుడి కన్ను మూసుకుని చూసింది. గీతలు ఎక్కడ వంకరగా ఉన్నాయని నేను అడిగాను.

"వంకర లేదు," అంది. "మధ్యలో గీతలే లేవు. అక్కడ చూశామే, ఉప్పు, అలా ఉంది."

పాలు పొంగుతున్న చప్పుడు విని స్టవ్ దగ్గరికి వెళ్ళింది. నేను జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆమె నిలబడినచోటే నిలబడి, ఆ కాగితం మధ్యలోని చుక్కను చూశాను. గళ్ళన్నీ తిన్నగా, ఎక్కడివక్కడ ఉన్నాయి.